ఫతే మైదాన్ ఎవరి విజయం?

(హైదరాబాద్ ఫుట్‌బాల్ మైదానాల చరిత్ర మీద విద్యార్థులు, ఉద్యోగుల సభలో ఇచ్చిన ఉపన్యాస పాఠం)



నీళ్ల మీద మాట్లాడేటోళ్లు మనకు శానామంది ఉన్నరు. నిధుల లెక్కలు చెప్పేటోళ్లు ఉన్నరు. నియామకాల జీవోలు తేదీలతో సహా నోటికి చెప్పేటోళ్లు ఈ సభలనే ఉన్నరు. నన్ను మాత్రం ఫుట్‌బాల్ మైదానం మీద మాట్లాడుమన్నరు. ఉద్యమ సభల ఆట ముచ్చట ఏందని కొందరికి అనిపియ్యొచ్చు. నాకూ మొదట అట్లనే అనిపించింది. కాని ఆలోచించుకుంటె ఒకటి సమజైంది. ఒక ప్రాంతం పిల్లలు ఏ జాగల ఆడుకున్నరు, ఆ ఆటకు ఏ కొలువు అన్నం పెట్టింది, ఆ జాగా ఆ కొలువు తర్వాత ఎవరి చేతులకు పోయినయి అని అడుక్కుంట పోతె మన కొట్లాట కథ అంత అండ్లనే దొరుకుతది.

ఆ జాగ మీకందరికి తెలిసిందే. బషీర్‌బాగ్ నుంచి ఆబిడ్స్‌కు పోతుంటె కనపడే ఎల్బీ స్టేడియం. ఒక దిక్కు నిజాం కాలేజీ. కూతవేటు దూరంల అసెంబ్లీ, గన్‌పార్క్. మన పెద్దలు ఇప్పటికీ దాన్ని ఫతే మైదాన్ అనే పిలుస్తరు. నేను కూడ అట్లనే పిలుస్త.

పేరులనే ఉన్న గాయం

ఫతే అంటె విజయం. ఎవరి విజయం? 1687ల ఔరంగజేబు గోల్కొండను ముట్టడించిండు. దాదాపు ఎనిమిది నెలలు కోట దిగిరాలేదు. ఫిరంగులు పెట్టినా లొంగలేదు. ఆఖరికి లోపలి మనిషి ఒకడు అమ్ముడుపోయి రాత్రిపూట దర్వాజ తెరిసిండు. అబ్దుల్ రజాక్ లారీ అనే సేనాని ఒళ్లంత గాయాలైనా కత్తి దించలేదు. తానీషాను పట్టుకపోయి దౌలతాబాద్ కోటల బంధించిన్రు. ఆ ముట్టడి కాలంల మొఘల్ సైన్యం గుడారాలు వేసుకున్న బయలు ఇది. గెలిచినంక వాళ్లు పెట్టుకున్న పేరు ఫతే మైదాన్. అంటె మన గడ్డ ఓడిపోయినందుకు పడ్డ పేరును మూడువందల ఏండ్ల పైనుంచి మనమే మురిపెంగ పిలుసుకుంటున్నం.

నేను ఈ ముచ్చట పేరు మీద పంచాయితి పెట్టెతందుకు చెప్తలేను. పేరు వాళ్లది అయినా దాని అర్థాన్ని మార్చినోళ్లు మనోళ్లు. ఆ మార్చినోళ్ల చేతుల ఫిరంగుల్లేవు. కాళ్లకు బూట్లు కూడ లేవు. వాళ్ల కథే ఇయాల్టి కథ.

ఆసఫ్‌జాహీల కాలంల ఫతే మైదాన్ పోలో గ్రౌండు. పోలో ఆడాలంటె గుర్రం కావాలె, గుర్రాన్ని సాకెటందుకు సాయీసు కావాలె. అది దివాణాల ఆట, ఫౌజు ఆట. మామూలు మనిషి దూరం నుంచి చూసుడే. ఫుట్‌బాల్ మనకు ఇంకో తొవ్వల వచ్చింది. సికింద్రాబాద్, తిర్మలగిరి, బొల్లారం కంటోన్మెంట్లల్ల ఇంగ్లీషు పల్టన్లు ఆడేటివి. కంచె అవతల నిలబడి చూసిన బస్తీ పిల్లలు దాన్ని పట్టుకున్నరు. ఎందుకంటె ఫుట్‌బాల్‌కు గుర్రం అవసరం లేదు. ఒక బంతి, పదిమంది దోస్తులు, జరంత ఖాళీ జాగ ఉంటె చాలు. పేదోని ఆట కాబట్టే పట్నంల పాతుకున్నది.

ఆ ఖాళీ జాగ అనే మాటను యాది పెట్టుకోండ్రి. మల్ల దానికాడికే వస్త.

బడి పంతులు కట్టిన జట్టు

1939ల హైదరాబాద్ ఫుట్‌బాల్ అసోసియేషన్ పుట్టింది. ఆ కాలంలనే సిటీ పోలీసు జట్టు తయారయితున్నది. పోలీసు శాఖల ఆటగాళ్లకు కొలువులు ఇచ్చేటోళ్లు. పొద్దుగాల ప్రాక్టీసు, తర్వాత డ్యూటీ. కాలుల బలం, బంతి మీద పట్టు ఉన్న పిల్లగానికి ఆట వల్ల ఇంట్ల పొయ్యి వెలిగేది. ఉద్యోగ మిత్రులు ఇది గమనించాలె. హైదరాబాద్ ఫుట్‌బాల్‌ను పోసించింది ఏ సేటు కాదు, ఏ కంపెనీ కాదు. స్థానికునికి దొరికిన సర్కారు కొలువు.

ఆ జట్టుకు గురువు సయ్యద్ అబ్దుల్ రహీం. 1909ల పుట్టిండు. ఉస్మానియాల చదివిన మనిషి. కాచిగూడ, చాదర్‌ఘాట్ బడులల్ల పంతులుగ చేసిన్రు. పంతులు కాబట్టి ఆటను కూడ పాఠం చెప్పినట్టే చెప్పిన్రు. ఒక కాలుతోనే ఆడే అలవాటు పోవాలని రెండో కాలుతోనే కొట్టాలనే నిబంధనతోని పోటీలు పెట్టిన్రు. బంతిని కాళ్లకు అంటుపెట్టుకొని ఒక్కడే ఉరుకుడు కాదు, పక్కోనికి ఇయ్యాలె అని డ్రిబ్లింగ్ లేని పోటీలు పెట్టిన్రు. ఒక్కని ఆటను పదకొండు మంది ఆట చేసిన్రు. ఉద్యమం నడిపేటోళ్లు కూడ నేర్చుకోవాల్సిన పాఠమది.

ఫలితం చూడుండ్రి. బొంబాయిల జరిగే రోవర్స్ కప్పును సిటీ పోలీసు 1950 నుంచి 1954 దాక వరుసగ ఐదేండ్లు గెలిచింది. 1950లనే ఢిల్లీ డ్యూరాండ్ కప్పు ఫైనల్‌ల మోహన్‌బగాన్‌ను ఓడగొట్టింది. ఇంగ్లీషోళ్లు వాళ్ల పల్టన్ల కోసం మొదలుపెట్టిన రెండు కప్పులను పట్నం కానిస్టేబుళ్లు మోసుకొచ్చిన్రు.

రహీం సాబ్ దేశం జట్టుకు కూడ శిక్షకుడైన్రు. 1951 ఢిల్లీ ఏషియన్ గేమ్స్‌ల బంగారు పతకం. 1952 హెల్సింకీ ఒలింపిక్స్‌ల యుగోస్లావియా చేతుల 10-1 దెబ్బ. మనోళ్లు శానామంది ఒట్టి కాళ్లతోనే ఆడిన్రు. ఆ దెబ్బ తర్వాతనే బూట్లు తప్పనిసరి చేసిన్రు. నాలుగేండ్లకు 1956 మెల్‌బోర్న్‌ల అదే దేశం ఆస్ట్రేలియాను వాళ్ల గడ్డ మీదనే 4-2తోని ఓడగొట్టి సెమీఫైనల్‌కు పోయింది, నాలుగో స్థానంల నిలిచింది. ఒలింపిక్ ఫుట్‌బాల్‌ల భారతదేశానికి ఇప్పటిదాక అదే పెద్ద ఘనత. ఆ జట్టుల అజీజుద్దీన్, నూర్ మహ్మద్, అహ్మద్ హుస్సేన్, జుల్ఫికరుద్దీన్, తులసీదాస్ బలరాం హైదరాబాద్ బిడ్డలు.

బలరాంది సికింద్రాబాద్ అవతల అమ్ముగూడ. పేద తమిళ కుటుంబం. బూట్లు కొనే స్తోమత లేక పోలీసోళ్లు పారేసిన పాత బూట్లతోని ఆట బూట్లు కుట్టించుకున్న పిల్లగాడు. ప్రాక్టీసుకు రమ్మంటె వచ్చెటందుకు సైకిల్ కిరాయికి పైసల్లేవన్నడు. రహీం సాబ్ తన జేబుల నుంచి కిరాయి ఇచ్చి పిలిపించుకున్నరు. ఆ సైకిల్ కిరాయి దేశానికి ఇద్దరు ముగ్గురు కూడ దొరకనంత గొప్ప ఫార్వర్డును ఇచ్చింది. ఇగ ఇండ్ల మతం చూడుండ్రి, భాష చూడుండ్రి. ముసల్మాన్ పంతులు, తమిళ మాట్లాడే ఇంటి పిల్లగాడు, హైదరాబాద్ జట్టు. మేం ఎవరినో ఎల్లగొట్టెతందుకు తెలంగాణ అడిగినం అన్నోళ్లకు ఇదే జవాబు. ఈ గడ్డ మీద కలిసి బతికినోడు, ఈ గడ్డకు పేరు తెచ్చినోడు మనోడే.

1962 జకార్తా. రహీం సాబ్‌కు అప్పటికే క్యాన్సర్. సెప్టెంబర్ 4 నాడు నిండిన స్టేడియంల, జనం మనకు ఎదురుగ అరుస్తుంటె, దక్షిణ కొరియాను 2-1తోని ఓడగొట్టి రెండోసారి ఏషియన్ గేమ్స్ బంగారం తెచ్చిన్రు. ఆ జట్టుల బలరాం ఉండె, యూసుఫ్ ఖాన్ ఉండె. 1963 జూన్ 11 నాడు రహీం సాబ్ కన్నుమూసిన్రు. తర్వాత ఇన్నేండ్లకూ ఆ బంగారం మల్ల రాలేదు.

గుండ్రటి మైదానంల చతురస్రపు ఆట

ఇగ మైదానం ముచ్చట. అప్పటిదాక పెద్ద పోటీలు సికింద్రాబాద్ జింఖానాల జరిగేటివి. అక్కడ కూసునెటందుకు గ్యాలరీలు లేకుండె. 1950ల ఫతే మైదాన్‌కు మార్చిన్రు. మెల్లమెల్లగ చుట్టు గ్యాలరీలు లేసినయి, పోలో బయలు స్టేడియం అయింది. సిటీ పోలీసు రోవర్స్, డ్యూరాండ్ రెండూ తెచ్చిన ఏడు అదే. ఫతే అనే మాటకు అప్పుడు కదా అసలు అర్థం వచ్చింది. మొఘలుల విజయం పోయి మన విజయం అయింది.

కాని కట్టుడులనే ఒక తిరకాసు ఉన్నది. ఇది విద్యార్థులు, ముఖ్యంగ ఇంజనీరింగ్ పిల్లలు అర్థం చేసుకోవాలె. ఫుట్‌బాల్ మైదానం పొడుగ్గ ఉంటది. పొడుగు 105 మీటర్లు, అడ్డం 68 మీటర్లు అని ఇప్పటి లెక్క. చూసేటోడు గీత పక్కనే కూసోవాలె, అప్పుడే బంతి సప్పుడు ఇనపడ్తది, ఆటగానికి జనం సప్పుడు ఇనపడ్తది. క్రికెట్ మైదానం గుండ్రంగ ఉంటది. నడిమిట్ల 22 గజాల పిచ్. దాన్ని బంకమట్టి పోసి, రోలరుతోని తొక్కి రాయిలెక్క గట్టి చేస్తరు. ఫుట్‌బాల్‌కు గడ్డి మెత్తగ ఉండాలె, వాన పడ్డ అరగంటల నీళ్లు ఇంకాలె. ఒక ఆటకు మంచిది ఇంకో ఆటకు పగ. గుండ్రటి స్టేడియంల ఫుట్‌బాల్ పెడితె నడిమిట్ల బోడి నేల మీద మోకాళ్లు పగులుతయి. చూసేటోనికి ఆటగాడు చీమంత కనపడ్తడు.

1955 నవంబర్‌ల ఫతే మైదాన్‌ల మొదటి టెస్ట్ మ్యాచ్ జరిగింది. న్యూజిలాండ్ మీద ఉమ్రీగర్ 223 కొట్టిండు. భారతీయుడు టెస్టులల్ల కొట్టిన మొదటి డబుల్ సెంచరీ. క్రికెట్ మీద మనకు కోపం లేదు. జయసింహ, అజారుద్దీన్ మన గల్లీల నుంచి వచ్చినోళ్లే. 1999ల ఇక్కడనే టెండూల్కర్ 186 కొట్టినప్పుడు మనం కూడ చప్పట్లు కొట్టినం. 1993ల హీరో కప్ కోసం ఫ్లడ్‌లైట్లు వచ్చినయి. కాని లెక్క గమనించుండ్రి. స్టేడియంకు ఖర్చు పెట్టినప్పుడల్ల ఆ ఖర్చు ఏ ఆట కోసం పెట్టిన్రు? కప్పులు తెచ్చిన ఆట కోసం కాదు. 2005ల క్రికెట్‌కు ఉప్పల్‌ల సొంత స్టేడియం వచ్చింది. క్రికెట్ ఎల్లిపోయినంకనన్న ఫతే మైదాన్ ఫుట్‌బాల్‌కు దక్కిందా? ఆ ముచ్చట చెప్త.

జట్టు పేరు పోయింది, మైదానం పేరు పోయింది

1956 నవంబర్ 1 నాడు హైదరాబాద్ రాష్ట్రం కనుమరుగైంది. విచిత్రమేందంటె, సంతోష్ ట్రోఫీని హైదరాబాద్ జట్టు గెలిచింది ఆ వెనుకనే. 1956-57ల ఒకసారి, 1957-58ల ఇంకోసారి. రాష్ట్రం మ్యాపుల లేదు, ఆటల ఉన్నది. రెండుసార్లు దేశం గెలిచి నేనింకా బతికే ఉన్న అని చెప్పింది. తర్వాత ఆ పేరు కూడ నిలవలేదు. 1961ల డ్యూరాండ్ కప్పు గెలిచినప్పుడు సిటీ పోలీసు లేదు, ఆంధ్రప్రదేశ్ పోలీసు అని రాసుకున్నరు. 1965-66ల సంతోష్ ట్రోఫీ గెలిచింది ఆంధ్రప్రదేశ్. ఆడింది ఎవరో, చెమట ఎవరిదో పట్నం గల్లీలకు తెలుసు. కప్పు మీద పేరు మారింది. 1967ల ఫతే మైదాన్ పేరు కూడ మారి లాల్ బహదూర్ స్టేడియం అయింది. శాస్త్రి గారు మచ్చలేని మనిషి, ఆయన మీద గౌరవం తగ్గించుకునేది లేదు. కాని పదేండ్లల్ల రాష్ట్రం పేరు, జట్టు పేరు, మైదానం పేరు మూడూ మారినయి. ఇది చరిత్ర పుస్తకంల ఒక్కతాన ఎవరూ రాయలే. అందుకే సభల చెప్పుకోవాల్సి వస్తున్నది.

ఇక్కడ ఒక నిజం కూడ చెప్పాలె. మన ఫుట్‌బాల్ పడిపోవుడుకు సమైక్య రాష్ట్రం ఒక్కటే కారణమంటె అది అబద్ధమైతది. కలకత్తా క్లబ్బులు మంచి పైసలు ఇచ్చినయి, పిల్లలు అక్కడికి పోయిన్రు. బలరాం ఈస్ట్ బెంగాల్‌కు పోయిండు. నయీముద్దీన్, హబీబ్, అక్బర్, షబ్బీర్ అలీ, విక్టర్ అమల్‌రాజ్ అందరూ ఆ తొవ్వనే పట్టిన్రు. 1970 బ్యాంకాక్ ఏషియన్ గేమ్స్‌ల కంచు పతకం తెచ్చిన జట్టుకు కెప్టెన్ మన నయీం. 1977ల ఈడెన్ గార్డెన్స్‌ల పీలే ఆడిన కాస్మాస్ జట్టు మీద మోహన్‌బగాన్ తరఫున గోల్ కొట్టింది మన హబీబ్. దేశమంతట ఫుట్‌బాల్ తగ్గింది, టీవీ వచ్చినంక క్రికెట్ పెరిగింది. ఇవన్ని నిజాలే. కాని వలసపోయేటోనికి ఊర్లె పని ఉంటె ఊరెందుకు ఇడుస్తడు? పాలమూరు కూలి బొంబాయి ఎందుకు పోయిండో, హబీబ్ కలకత్తా అందుకే పోయిండు. కాలు కష్టం ఇక్కడిది, చప్పట్లు అక్కడివి. బలరాం 2023 ఫిబ్రవరిల బెంగాల్‌లనే కన్నుమూసిన్రు. అదే ఏడు ఆగస్టు 15న హబీబ్ సాబ్ హైదరాబాద్‌ల పోయిన్రు.

14ఎఫ్ కూ ఫుట్‌బాల్‌కూ సంబంధమేంది?

ఉద్యోగ మిత్రులారా, మీకు 14ఎఫ్ యాది చెయ్యనక్కర లేదు. కొత్త పిల్లల కోసం రెండు మాటలు. 1973 ఆరుసూత్రాల పథకం, 1975 రాష్ట్రపతి ఉత్తర్వులు. స్థానికులకు ఉద్యోగాలల్ల రక్షణ ఇచ్చినమన్నరు. అండ్లనే 14ఎఫ్ అనే నిబంధన పెట్టి హైదరాబాద్ నగర పోలీసు కొలువులను ఆ రక్షణ నుంచి తప్పించిన్రు. అందరికీ తెరిసిన దర్వాజ అన్నరు. 1985ల 610 జీవో వచ్చినా అమలు కాలే. 2009 అక్టోబర్‌ల సుప్రీంకోర్టు తీర్పుతోని ఫ్రీజోన్ మంట లేసింది. సిద్దిపేట ఉద్యోగ గర్జన, నవంబర్ 29 దీక్ష, డిసెంబర్ 9 ప్రకటన అన్ని ఆ మంటల నుంచి వచ్చినయే. 2011ల 14ఎఫ్‌ను తొలగించిన్రు.

ఇప్పుడు వెనుకకు తిరిగి చూడుండ్రి. రోవర్స్ కప్పును ఐదేండ్లు కదలనియ్యని జట్టు ఏ కొలువు మీద నిలబడ్డది? హైదరాబాద్ నగర పోలీసు కొలువు మీద. రాష్ట్రపతి ఉత్తర్వులల్ల స్థానికునికి దక్కకుండ పోయిన కొలువు ఏది? అదే. ఫుట్‌బాల్‌ను చంపెతందుకు 14ఎఫ్ పెట్టిన్రని నేను అంటలేను. కాని ఏ కొమ్మ మీద పిట్ట గూడు కట్టుకున్నదో ఆ కొమ్మనే అందరికీ పంచిన్రు. అదీ ముచ్చట. నియామకాలు అనే మాట ఫైళ్ల మాట కాదు. అది పొద్దుగాల ఆరు గంటలకు బంతి పట్టుకొని బయలెల్లే పిల్లగాని మాట.

పట్టాభిషేకాల మైదానం

ఫతే మైదాన్‌ల ఇగ ఏం జరిగింది? 1983 జనవరి 9న ఎన్టీ రామారావు గారు ముఖ్యమంత్రిగ ప్రమాణం చేసింది అక్కడనే. 2004ల, 2009ల రాజశేఖరరెడ్డి గారు చేసింది అక్కడనే. చుట్టు గోడకు దుకాణాలు వచ్చినయి. లోపల క్రీడల శాఖ ఆఫీసులు. ఒక్కొక్క సభ తర్వాత గడ్డి మీద గుంజల గుంతలు. గుంజ పాతిన మైదానాన్ని మల్ల ఆటకు తయారు చెయ్యాలంటె ఎంత కష్టమో మైదానం మాలీని అడుగుండ్రి.

2013 సెప్టెంబర్ 7 మనం మరిచిపోయే రోజు కాదు. రాష్ట్రం ఇస్తమని ప్రకటన వచ్చినంక, విభజన వద్దని ఏపీఎన్జీవోలు సభ పెట్టుకునెటందుకు ఇచ్చింది ఫతే మైదాన్‌నే. ఆ నాడు మన జేఏసీ బంద్ పిలుపునిచ్చింది. ఆ సభల ఒక కానిస్టేబుల్ నిలబడి జై తెలంగాణ అన్నడు. అతన్ని కొట్టి బయటికి గుంజుకపోయిన్రు. మిత్రులారా, ఆ మైదానానికి ఫతే అనే పేరు నిలబెట్టినోళ్లు ఎవరు? కానిస్టేబుళ్లు. అరవై ఏండ్ల తర్వాత అదే మైదానంల ఒంటరిగ నోరు తెరిసింది ఎవరు? ఒక కానిస్టేబుల్. నా లెక్కల ఆ నాడు కూడ సిటీ పోలీసే గెలిచింది. అదే నెల 29న గోడ అవతల నిజాం కాలేజీ గ్రౌండ్స్‌ల సకల జనభేరి మోగింది.

ఢిల్లీకి పోయిన ఫైనల్

కొత్త స్టేడియాలు కట్టలేదా అంటరు. కట్టిన్రు. 2002 జాతీయ క్రీడల కోసం గచ్చిబౌలిల పెద్ద స్టేడియం లేసింది. దానికి జీఎంసీ బాలయోగి గారి పేరు పెట్టిన్రు. లోక్‌సభ స్పీకర్ అయిన మొదటి దళితుడు ఆయన, ఆ గౌరవం కరెక్టే. నేను అడిగేది వేరే. అది అథ్లెటిక్స్ స్టేడియం. చుట్టు 400 మీటర్ల ట్రాక్. గోలు పోస్టు వెనుక ట్రాక్ వంపు, దాని వెనుక గ్యాలరీ. ఇక్కడ కూడ ఫుట్‌బాల్ కిరాయిదారే, ఇంటాయన కాదు. 2004 జనవరిల ఆటల పేరు చెప్పి కంచ గచ్చిబౌలిల 400 ఎకరాలను ఐఎంజీ భారత అనే ప్రైవేటు కంపెనీకి కట్టబెట్టిన్రు. 2006ల రద్దు చేసిన్రు. 2024 దాక కోర్టులల్ల నలిగింది. 2025ల అదే 400 ఎకరాల మీదికి బుల్డోజర్లు వచ్చినయి, సెంట్రల్ యూనివర్సిటీ పిల్లలు అడ్డం పడ్డరు, ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు ఆపింది. చూసిన్రా, ఆట పేరు మీద జాగ పోతది, ఆటకు మాత్రం జాగ రాదు.

2008 ఆగస్టుల ఏఎఫ్‌సీ చాలెంజ్ కప్ మన పట్నంల పెట్టిన్రు. మయన్మార్ మీద సెమీఫైనల్ గెలిచినం. ఫైనల్ ఇక్కడ ఆడలేదు. వానలకు మైదానం చిత్తడి అయిందని ఢిల్లీకి మార్చిన్రు. అక్కడ సునీల్ ఛెత్రి మూడు గోల్స్ కొడితె తజికిస్థాన్ మీద 4-1తోని గెలిచి దేశం ఏషియన్ కప్‌కు పోయింది. రహీం సాబ్ పట్నంల వాన నీళ్లు ఇంకే మైదానం లేక ఫైనల్ ఢిల్లీ పోయింది. ఇది సమైక్య రాష్ట్రం నాటి ముచ్చట.

మరి మన రాష్ట్రం వచ్చినంక? ఇక్కడ మనం నిలబడి మనల్ని మనం అడుక్కోవాలె. 2014 జూన్ 2 తర్వాత తప్పు పక్కోని మీద నూకెటందుకు లేదు. 2019ల హైదరాబాద్ ఎఫ్‌సీ అనే క్లబ్బు వచ్చింది. 2022 మార్చిల గోవల ఫైనల్ ఆడి, కేరళ మీద పెనాల్టీలల్ల గెలిచి ఐఎస్ఎల్ ఛాంపియన్ అయింది. మూడేండ్లు తిరగకముందే అప్పులు, జీతాల గోస. 2025ల ఆ క్లబ్బే పేరు మార్చుకొని ఢిల్లీకి పోయింది. 2008ల ఒక్క ఫైనల్ పోయింది, ఈసారి జట్టుకు జట్టే పోయింది. ప్రైవేటు పైస మీద నిలబడ్డది పైస అయిపోంగనే కూలింది. సర్కారు కొలువు మీద నిలబడ్డ సిటీ పోలీసు జట్టుకూ దీనికీ తేడా అదే.

2024 డిసెంబర్‌ల సంతోష్ ట్రోఫీ తుది పోటీలు మన పట్నంల జరిగినయి. 31 నాడు గచ్చిబౌలిల ఫైనల్. ఆడింది బెంగాల్, కేరళ. మనం ఆతిథ్యం ఇచ్చినం, అంతే. 2023 డిసెంబర్ 7న రేవంత్‌రెడ్డి గారి ప్రమాణ స్వీకారం మల్ల ఫతే మైదాన్‌లనే. 2025 డిసెంబర్ 13న మెస్సీ పట్నం వచ్చిండు. ప్రపంచంలనే పెద్ద ఫుట్‌బాల్ ఆటగాడు వస్తె నిలబెట్టెతందుకు మనకు దొరికిన జాగ ఉప్పల్ క్రికెట్ స్టేడియం. జనం మురిసిన్రు, నేను కూడ మురిసిన. కాని ఇంటికి చుట్టం వస్తె పక్కింట్ల కుర్చీ ఏసినట్టు అనిపించింది.

మనం అడగాల్సినయి

నేను చప్పట్ల కోసం పెద్ద పెద్ద డిమాండ్లు పెట్ట. మూడు అడుగుతున్న.

ఒకటి, జాగ. పట్నం నడిమిట్ల ఫుట్‌బాల్‌కే సొంతమైన మైదానం కావాలె. యాభైవేల కుర్చీలు వద్దు. ట్రాక్ లేకుండ, క్రికెట్ పిచ్ లేకుండ, గీత పక్కనే గ్యాలరీ, నీళ్లు ఇంకే నేల, మీటింగులకు కిరాయికి ఇయ్యమని రాతపూర్వకమైన నిబంధన. అట్లనే బస్తీలల్ల, సర్కారు బడులల్ల ఉన్న ఆట జాగలు కబ్జా కాకుండ సర్వే చేసి హద్దురాళ్లు పాతాలె. అమ్ముగూడల ఖాళీ జాగ లేకుంటె బలరాం లేడు.

రెండు, కొలువు. పోలీసు, విద్యుత్తు, ఆర్టీసీ, మున్సిపల్ శాఖలల్ల స్థానిక ఆటగాళ్ల నియామకాలు ఏటేట క్రమం తప్పకుండ జరగాలె. ఇది ఉద్యోగ సంఘాలు భుజాన ఏసుకోవాల్సిన పని. మీ శాఖ జట్టు ఆఖరుసారి ఎప్పుడు ఆడిందో రేపు ఆఫీసుకు పోయి అడుగుండ్రి.

మూడు, యాది. రహీం సాబ్ మీద 2024ల బొంబాయోళ్లు మైదాన్ అని సినిమా తీసిన్రు. సంతోషం. ఆయన పాఠం చెప్పిన పట్నంల పిల్లలకు ఆయన ముచ్చట సినిమాల నుంచే తెలవాల్నా? విద్యార్థి మిత్రులారా, మీ బస్తీల పాత ఆటగాళ్లు ఎవరన్న ఉంటె పోయి కూసోండ్రి. వాళ్ల మాట రికార్డు చెయ్యుండ్రి, ఫొటోలు కాపీ తీసుకోండ్రి. మెల్‌బోర్న్ జట్టుల మనోళ్లు ఒక్కొక్కరే ఎల్లిపోయిన్రు. జుల్ఫికర్ సాబ్ 2019ల పోయిన్రు. రహీం సాబ్ కొడుకు హకీం సాబ్ 2021ల పోయిన్రు. మనిషి పోయినంక సంతాప సభ పెట్టుడు సులువు. ఉన్నప్పుడు పోయి ఇనుడే కష్టం.

ఆఖరుమాట. 1687ల గోల్కొండను బయటి ఫిరంగి కూలగొట్టలేదు. లోపలి నుంచి తెరిసిన దర్వాజ కూలగొట్టింది. రాష్ట్రం రాకముందు మన కొట్లాట బయటితోని. ఇప్పుడు దర్వాజ తాళంచెవి మన చేతులనే ఉన్నది. దాన్ని ఎవరికి తెరుస్తమన్నదే ప్రశ్న. పట్నంల ఏ మూలన్నా పొద్దుగాల ఆరు గంటలకు ఒక పిల్లగాడు కిరాయి సైకిల్ మీద బంతి పెట్టుకొని వస్తె, వానికి ఆడెటందుకు జాగ, ఆడినంక కొలువు దొరికిన నాడు ఆ బయలుకు ఫతే అనే పేరు మల్ల మనదైతది.

జై తెలంగాణ.